సర్వకాల శ్రేష్ఠ బ్యాండ్ ఏది? శ్రేష్ఠతావాదంలో ప్రమాణాల పరిశీలన

వ్యాససంగ్రహం:
పాశ్చాత్య జనప్రియ సంగీతంలో 'అన్ని కాలాలకూ మేటి బ్యాండ్ ఏది' అన్న వాదం అర్ధ శతాబ్దానికి పైగా సాగుతున్నది. బీటిల్స్, రోలింగ్ స్టోన్స్, ఈగిల్స్, సుప్రీమ్స్ తదితర బృందాలను ఉదాహరణలుగా గ్రహించి, ఈ వాదంలో వినియోగించే ప్రమాణాలు ఏవి, వాటి పరిమితులు ఏమిటి, నిర్ణేతలు మారినప్పుడు నిర్ణయం ఎట్లా మారుతుంది అన్న అంశాలను ఈ వ్యాసం వివరిస్తుంది. సాహిత్యంలో కవుల తారతమ్య చర్చకు కూడా ఈ పరిశీలన వర్తిస్తుందని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: జనప్రియ సంగీతం, బ్యాండ్, శ్రేష్ఠత, ప్రమాణం, భావకుడు, విమర్శ.

1. ఉపోద్ఘాతం

1960లో ఇంగ్లండులోని లివర్‌పూల్ నగరంలో ఏర్పడిన బీటిల్స్ బృందం 1970లో విడిపోయింది. 1962లో లండన్‌లో ఏర్పడిన రోలింగ్ స్టోన్స్ ఆరు దశాబ్దాలు దాటినా కొనసాగుతున్నది. ఈ రెండింటిలో ఏది గొప్పది అన్న ప్రశ్నతో మొదలైన వాదం క్రమంగా విస్తరించి ఇతర బృందాలనూ తనలో చేర్చుకున్నది. పైకి ఇది అభిమానుల కాలక్షేపంగా కనిపిస్తుంది. అయితే ఏ సంగీతం భద్రపరచదగినది, ఎవరి పేరు చరిత్రలో నిలవాలి, ఎవరి శ్రమ మరుగున పడాలి అన్న నిర్ణయాలు ఈ వాదంతో ముడిపడి ఉన్నాయి. అందువల్ల జవాబు కన్నా ముందు ప్రశ్ననే పరిశీలించడం అవసరం.

2. సంఖ్యాప్రమాణం

వాదంలో మొదట వినిపించేది అమ్మకాల లెక్క. 2018లో అమెరికా రికార్డింగ్ పరిశ్రమ సంఘం ఈగిల్స్ బృందపు 'దెయిర్ గ్రేటెస్ట్ హిట్స్ 1971-1975' ఆల్బమ్‌కు 38 ప్లాటినమ్‌ల స్థాయిని ధ్రువీకరించింది. ఒక ప్లాటినమ్ అంటే 10 లక్షల యూనిట్లు. మైఖేల్ జాక్సన్ 'థ్రిల్లర్'ను దాటి ఆ ఆల్బమ్ అమెరికాలో ప్రథమ స్థానానికి చేరింది. అయినా ఈ ఒక్క కారణంతో ఈగిల్స్‌ను సర్వశ్రేష్ఠ బృందంగా అంగీకరించే విమర్శకులు అరుదు.

దీనికి కారణం 'యూనిట్' అన్నది స్థిరమైన కొలత కాకపోవడమే. నిర్ణీత నిబంధనలకు లోబడి రెండు డిస్కుల ఆల్బమ్‌ను రెండు యూనిట్లుగా లెక్కించే పద్ధతి ఉన్నది. 2016 నుండి ఆ సంఘం ఇంటర్నెట్ ద్వారా విన్న పాటలను కూడా ఆల్బమ్ లెక్కలో చేర్చి, 1500 శ్రవణాలను ఒక ఆల్బమ్ అమ్మకానికి సమానంగా పరిగణిస్తున్నది. డబ్బు చెల్లించి గ్రామఫోన్ రికార్డు కొన్న శ్రోత, చరవాణిలో పాట విన్న శ్రోత ఒకే పట్టికలో చేరినప్పుడు భిన్న యుగాల మధ్య పోలిక సంక్లిష్టమవుతుంది. సంఖ్య ఆదరణను చూపుతుంది. ఆ ఆదరణకు అర్థం ఏమిటో అది చెప్పదు.

3. ప్రభావప్రమాణం

సంఖ్యను కాదన్నవారు ప్రభావాన్ని ఆశ్రయిస్తారు. న్యూయార్క్‌కు చెందిన వెల్వెట్ అండర్‌గ్రౌండ్ బృందం 1967లో వెలువరించిన తొలి ఆల్బమ్ ఆనాడు స్వల్పంగానే అమ్ముడుపోయింది. తరువాతి తరాల రాక్ సంగీతకారులు మాత్రం దానిని మూలగ్రంథం వలె గౌరవించారు. బీటిల్స్ విషయంలో ఆదరణ, ప్రభావం రెండూ కలిశాయి. 1964 ఏప్రిల్ 4 నాటి బిల్‌బోర్డ్ హాట్ 100 పట్టికలో మొదటి ఐదు స్థానాలూ ఆ బృందం పాటలవే. 1965లో జార్జ్ హారిసన్ 'నార్వీజియన్ వుడ్' పాటలో సితార్‌ను వాయించడం పాశ్చాత్య శ్రోతల చెవులను భారతీయ వాద్యధ్వని వైపు మళ్లించింది.

ఈ ప్రమాణానికీ పరిమితి ఉన్నది. ప్రభావపరంపరను వెనుకకు అనుసరిస్తే బీటిల్స్, రోలింగ్ స్టోన్స్ ఇద్దరికీ మార్గదర్శకులైన చక్ బెరీ, లిటిల్ రిచర్డ్ వంటి నల్లజాతి కళాకారులు ఎదురవుతారు. ప్రభావమే గీటురాయి అయితే కిరీటం శిష్యులకు కాక గురువులకు చెందాలి. కానీ వారు ఏకవ్యక్తి కళాకారులుగా ప్రసిద్ధులు. కాబట్టి 'బ్యాండ్' అన్న పదమే వారిని పోటీ వెలుపల నిలుపుతుంది.

4. నిర్వచనం చేసే వడపోత

సుప్రీమ్స్ ఉదాహరణ ఈ విషయాన్ని మరింత స్పష్టం చేస్తుంది. డెట్రాయిట్ నగరపు మోటౌన్ సంస్థకు చెందిన ఈ నల్లజాతి మహిళల గాయకబృందానికి హాట్ 100 పట్టికలో 12 ప్రథమ స్థానాలు దక్కాయి. బీటిల్స్‌కు 20, రోలింగ్ స్టోన్స్‌కు 8 దక్కాయి. ఈ లెక్కన సుప్రీమ్స్ రెండవ బృందాన్ని స్పష్టంగా మించింది. అయినా మేటి బ్యాండ్ చర్చలో ఆ పేరు అరుదుగా వినిపిస్తుంది. తమ పాటలు తామే రాసుకొని, తమ వాద్యాలు తామే వాయించుకునేవారే బ్యాండ్ అన్న అప్రకటిత నిర్వచనం ఇందుకు కారణం.

మోటౌన్ పాటలకు వాద్యసహకారం అందించిన ఫంక్ బ్రదర్స్ బృందం స్థితి దీనికి మరో ముఖం. వారు వాయించారు, కాని చాలాకాలం రికార్డుల అట్టలపై వారి పేర్లు కనిపించలేదు. 1971లో మార్విన్ గే 'వాట్స్ గోయింగ్ ఆన్' ఆల్బమ్‌పై వాద్యకారుల పేర్లు ముద్రితమయ్యాయి. పాడిన వారు వాయించలేదన్న కారణంగా, వాయించిన వారి పేరు తెలియదన్న కారణంగా ఇరువురూ చర్చకు దూరమయ్యారు.

5. నిర్ణేతలు, నిర్ణయాలు

రోలింగ్ స్టోన్ పత్రిక 2003లో ప్రకటించిన 500 ఉత్తమ ఆల్బమ్‌ల జాబితాలో బీటిల్స్ 'సార్జెంట్ పెప్పర్స్ లోన్లీ హార్ట్స్ క్లబ్ బ్యాండ్' ప్రథమ స్థానం పొందింది. తొలి పదింటిలో నాలుగు ఆ బృందానివే. 2020లో ఆ పత్రిక కొత్త నిర్ణేతల ఓట్లతో జాబితాను పునర్నిర్మించింది. ఈసారి ప్రథమ స్థానం 'వాట్స్ గోయింగ్ ఆన్'కు దక్కగా, 'సార్జెంట్ పెప్పర్స్' 24వ స్థానానికి చేరింది. 2003 నాటి తొలి పదింటిలో మహిళా కళాకారిణి ఆల్బమ్ ఒక్కటీ లేదు. 2020లో జోనీ మిచెల్, లారిన్ హిల్ ఆల్బమ్‌లు అక్కడ నిలిచాయి.

పదిహేడేళ్లలో ఆ రికార్డులలోని ఒక్క స్వరమూ మారలేదు. మారినది వినే సమాజం. 2004లో కెలెఫా సన్నే న్యూయార్క్ టైమ్స్ పత్రికలో రాసిన వ్యాసం, రాక్ సంగీతపు విలువలనే సమస్త సంగీతానికీ ప్రమాణంగా చేసే ధోరణిని ప్రశ్నించింది. జాబితాలలోని మార్పును ఈ విమర్శ నేపథ్యంలో అర్థం చేసుకోవచ్చు.

6. వాదస్వభావం, భావకభేదాలు

1956లో తత్త్వవేత్త డబ్ల్యు.బి. గాలీ, స్వభావరీత్యానే వివాదాస్పదమైన భావనలు కొన్ని ఉంటాయని ప్రతిపాదించారు. ఆయన ఒక కల్పిత క్రీడను ఉదాహరణగా తీసుకున్నారు. అందులో ప్రతి జట్టుకూ తనదైన ఆటతీరు ఉంటుంది. ఎవరు విజేతలో తేల్చే తుది నియమం ఉండదు. ప్రతి పక్షం తన ఆటతీరే అసలైన ఆట అని వాదిస్తుంది. వాదం ముగియదు, అయితే ఆ పోటీ ఆట ప్రమాణాన్ని నిలబెట్టి పెంచగలదు. మేటి బ్యాండ్ చర్చ ఈ కోవకే చెందుతుంది.

అట్లాగని అన్ని అభిప్రాయాలూ సమానమే అనడం సరికాదు. రాజశేఖరుడు 'కావ్యమీమాంస'లో భావకులను నాలుగు విధాలుగా వివరించాడు. ఏదీ రుచించనివాడు అరోచకి. గడ్డితో సహా అన్నిటినీ ఆరగించేవాడు సతృణాభ్యవహారి. అసూయతో గుణాన్ని గుర్తించనివాడు మత్సరి. రచన తత్త్వంపై మనసు నిలిపేవాడు తత్త్వాభినివేశి. పాతకాలం తరువాత సంగీతమే లేదనే శ్రోత మొదటివాడు. అమ్ముడైనదంతా గొప్పదనే శ్రోత రెండవవాడు. ప్రత్యర్థి బృందాన్ని వినకుండానే తోసిపుచ్చే అభిమాని మూడవవాడు. తాను ఏ ప్రమాణంతో కొలుస్తున్నాడో ముందుగా చెప్పి, ఆ ప్రమాణం ఎవరిని మినహాయిస్తున్నదో కూడా గుర్తించే శ్రోత నాలుగవవానికి చేరువగా వస్తాడు.

7. ముగింపు

అమ్మకాలు, ప్రభావం, విమర్శకుల ఓటు అన్న ప్రమాణాలలో ప్రతిదీ ఒక పాక్షిక సత్యాన్ని చెబుతుంది. ఏ ఒక్కటీ తీర్పు ఇవ్వజాలదు. నన్నయ, తిక్కన, ఎర్రనల తారతమ్యాన్ని, ప్రబంధకవులలో అగ్రస్థానాన్ని చర్చించే తెలుగు విమర్శకూ ఇదే వర్తిస్తుంది. అక్కడ కూడా 'మహాకవి' అన్న పదపు నిర్వచనం జానపద గాయకులను, కవయిత్రులను తరచుగా పరిధి వెలుపల ఉంచింది. పేరు తెలియని వాద్యకారులకు, పేరు తెలియని పదకర్తలకు పోలిక ఇక్కడే ఉన్నది. తరగతి గదిలో 'ఎవరు గొప్ప' అన్న ప్రశ్న వచ్చినప్పుడు దానిని అడ్డుకోనవసరం లేదు. 'ఏ కొలతతో, ఎవరిని వదలి' అన్న రెండు ప్రశ్నలను దానికి జతచేస్తే, అభిమానుల వాదం పరిశోధనాంశంగా మారుతుంది.