రాని ఫోన్‌లో లోపాలుండవు

2025 సంక్రాంతికి మా ఇంట్లో కోడిపందేల కంటే ఫోన్ల పందెమే గట్టిగా సాగింది.

భోగి రోజు పొద్దున్నే వరండాలో కూర్చున్నాం. ఒక చేతిలో అరిసె, ఇంకో చేతిలో ఫోన్. మా బావమరిదికి శాంసంగ్ అంటే ప్రాణం. గెలాక్సీ ఎస్25 విడుదల జనవరి 22న. అంటే ఇంకా తొమ్మిది రోజులుంది. ఈలోపే రూ.1,999 కట్టి ముందస్తుగా పేరు నమోదు చేయించుకున్నాడు. ‘కళ్లతో చూడని ఫోన్‌కి డబ్బులు కట్టావా?’ అని మా పెదనాన్న కొడుకు ఎగతాళి. వాడిది వన్‌ప్లస్ జట్టు. వన్‌ప్లస్ 13 వారం కిందటే మన దేశంలోకి వచ్చేసింది కాబట్టి వాడి గొంతు ఇంకాస్త పెద్దగా ఉంది. ‘మీరిద్దరూ సెప్టెంబరు దాకా ఆగండి, ఐఫోన్ 17 వస్తే మీ నోళ్లు మూతపడతాయ్’ అన్నది నేను.

మా ఇంట్లో నాకో పదవి ఉంది. ఎవరు ఫోన్ కొనాలన్నా ముందు నన్నే అడుగుతారు. ‘ఇప్పుడు కొనమంటావా? ఆగమంటావా?’ ఈ ప్రశ్న ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఆరోజు అడిగింది మా పిన్ని కూతురు.

తను అప్పుడు కాకినాడలో బీటెక్ ఆఖరి సంవత్సరం. ఇంటర్న్‌షిప్‌లో వచ్చిన స్టైపెండ్ దాచి దాచి నలభై ఎనిమిది వేలు పోగేసింది. చేతిలో ఉన్నది నాలుగేళ్ల పాత ఫోన్. ముప్ఫై శాతం చార్జింగ్ చూపిస్తూనే టక్కున ఆగిపోతుంది.

‘అన్నయ్యా, నాకు ఐఫోన్ కావాలని ఉంది. ఈ డబ్బుల్లో వస్తుందా?’

అప్పుడు ఐఫోన్ 16 ధర రూ.79,900. 15 అయినా రూ.69,900. తన బడ్జెట్‌కి దగ్గర్లో ఉన్నది 2022లో వచ్చిన ఎస్ఈ. అది విడుదలైనప్పుడే రూ.43,900. కానీ పాతకాలం డిజైన్, చిన్న స్క్రీన్. నేను చాలా తెలిసినవాడిలా తలూపి చెప్పాను. ‘తొందరపడకు. కొద్ది వారాల్లో ఎస్ఈ 4 వస్తుంది. పెద్ద ఓఎల్ఈడీ స్క్రీన్, ఫేస్ ఐడీ, 48 మెగాపిక్సెల్ కెమెరా. యాభై వేల లోపే ఉంటుందట. ఆగు.’

ఆ ‘ట’ ఎవరిది? ఎవరన్నారు? నేను చెప్పలేదు. తనూ అడగలేదు. ఆగింది.

ఒక ఫోన్ కాల్

ఫిబ్రవరి రెండో వారంలో ఒక కంపెనీ ఇంటర్వ్యూ మొదటి రౌండ్ దాటింది మా చెల్లి. రెండో రౌండ్‌కి ఫోన్ చేస్తామన్నారు. ఫోన్ వచ్చిన టైముకి తను బస్సులో ఉంది. హలో అంది. అవతలివాళ్లు పేరు అడిగారు. చెప్పేలోపే స్క్రీన్ నల్లబడింది. హాస్టల్‌కి వెళ్లి చార్జింగ్ పెట్టి ఆన్ చేసేసరికి గంట దాటింది. తిరిగి చేస్తే ఎవరూ ఎత్తలేదు. మర్నాడు మెయిల్ పెడితే, స్లాట్లు అయిపోయాయని జవాబు.

ఆ సంగతి నాతో చెప్పినప్పుడు నేనేమన్నానో తెలుసా? ‘అయ్యో, ఇంకొక్క వారం ఓపిక పట్టు. 19న ఏదో కొత్తది వస్తోందని ఆపిల్ బాస్ టిమ్ కుక్ స్వయంగా చెప్పాడు’ అన్నాను. ఇప్పటికీ తల్చుకుంటే సిగ్గేస్తుంది.

19 రానే వచ్చింది. ఫోనూ వచ్చింది. పేరు ఎస్ఈ 4 కాదు, ఐఫోన్ 16ఈ. ఓఎల్ఈడీ స్క్రీన్ ఉంది. ఫేస్ ఐడీ ఉంది. 48 మెగాపిక్సెల్ కెమెరా ఉంది. నేను చదివిన లీకుల్లో చాలావరకు నిజమే. ధర మాత్రం రూ.59,900. పాత ఎస్ఈని ఆ రోజే ఆపిల్ అమ్మకాల నుంచి తీసేసింది.

రాత్రి మెసేజ్ పెట్టింది. ‘అన్నయ్యా, నువ్వు చెప్పిన ఫోన్ బాగానే ఉంది. కానీ నా దగ్గర లేదు కదా.’

మర్నాడు కాకినాడలోనే ఒక షాపుకెళ్లి ఇరవై రెండు వేలకి 5జీ ఆండ్రాయిడ్ ఫోన్ తీసుకుంది. అరగంటలో పని అయిపోయింది. నన్ను అడగలేదు.

ఇందులో ఆపిల్ తప్పేమీ లేదు. యాభై వేలకి ఇస్తామని వాళ్లెక్కడా అనలేదు. అన్నది నేను.

లీకులు ఎక్కడి నుంచి వస్తాయి?

ఆ తర్వాత కూర్చుని ఆలోచిస్తే ఒక విషయం అర్థమైంది. లీకులన్నీ ఒకే రకం కావు.

కొత్త ఫోన్ తయారీలో ఒక్క కంపెనీ ఉండదు. స్క్రీన్ ఒకరిది, కెమెరా సెన్సర్ ఇంకొకరిది, బిగించేది మరొకరు. కవర్లు తయారుచేసేవాళ్లకి కొలతలు ముందే కావాలి. చైనాలో టీనా అనే సంస్థ దగ్గర, మన దేశంలో బీఐఎస్ దగ్గర అనుమతులు తీసుకోవాలి. వాటి జాబితాల్లో మోడల్ నంబర్లు కనిపిస్తుంటాయి. ఇంతమంది చేతులు మారాక రహస్యం దాగుతుందా? అందుకే ఆకారం, స్క్రీన్, కెమెరా లాంటి లీకులు చాలాసార్లు నిజమవుతాయి. ఒక్కోసారి మరీ విడ్డూరంగానూ బయటపడతాయి. 2010లో ఆపిల్ ఉద్యోగి ఒకాయన ఇంకా విడుదల కాని ఐఫోన్ 4ని కాలిఫోర్నియాలో ఓ బార్‌లో మర్చిపోయాడు. అలా లోకమంతా ముందే చూసేసింది.

ధర సంగతి వేరు. దానికి విడిభాగం ఉండదు, కవరు ఉండదు, సర్టిఫికెట్ ఉండదు. డాలర్, రూపాయి, పన్నులు, పోటీ కంపెనీ ఏం చేస్తోంది... అన్నీ చూసుకుని కంపెనీ తేల్చుకునే అంకె అది. ప్రకటించేదాకా మార్చుకోవచ్చు కూడా. మనలాంటివాళ్లకి మొట్టమొదట కావాల్సింది ఆ అంకే. లీకుల్లో అన్నిటికంటే నమ్మకూడనిదీ అదే.

వచ్చిందనుకున్నది కూడా రాదు

లీకుల మాట అటుంచండి. కంపెనీ స్టేజీ ఎక్కి చెప్పినవీ ఒక్కోసారి రావు. 2017 సెప్టెంబరులో ఆపిల్ ‘ఎయిర్‌పవర్’ అనే చార్జింగ్ మ్యాట్ చూపించింది. ఫోన్, వాచ్, ఇయర్‌బడ్స్ అన్నీ ఒకేసారి దాని మీద పెడితే చాలంది. 2019 మార్చిలో ‘చేయలేకపోతున్నాం’ అని ఆపేసింది. అదే ఏడాది శాంసంగ్ తొలి మడత ఫోన్ గెలాక్సీ ఫోల్డ్ ఏప్రిల్లో రావాలి. రివ్యూ కోసం ఇచ్చిన ఫోన్ల స్క్రీన్లే పాడవడంతో సెప్టెంబరు దాకా వాయిదా పడింది. 2024 జూన్‌లో ఆపిల్ చూపించిన తెలివైన కొత్త సిరి, ఐఫోన్ 16 ప్రకటనల్లో కూడా కనిపించింది. 2025 మార్చిలో మాత్రం ‘ఇంకా టైమ్ పడుతుంది’ అన్నారు.

మన దేశం సంగతీ ఉంది. 2011 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ‘ఆకాశ్’ ట్యాబ్లెట్ తెచ్చినప్పుడు ఎంత హడావుడి! ప్రపంచంలోకెల్లా చవకైన ట్యాబ్ అన్నారు. దాని అసెంబ్లింగ్ మన హైదరాబాద్‌లోనే జరిగింది. తీరా చేతిలోకి వచ్చాక చూస్తే 366 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 256 ఎంబీ ర్యామ్, గట్టిగా నొక్కితేగాని కదలని స్క్రీన్. ఊహలో ఉన్న ఆకాశ్ వేరు, చేతిలో ఉన్న ఆకాశ్ వేరు.

రాని ఫోన్‌కి బ్యాటరీ దిగదు. వేడెక్కదు. కింద పడదు. ఈఎంఐ ఉండదు. చేతిలో ఉన్న పాత ఫోన్‌ని దాని పక్కన పెట్టి చూస్తే ఎప్పుడూ పాతదే ఓడిపోతుంది.

మనం కొట్టుకుంటాం, వాళ్లు మారిపోతారు

ఇక జట్ల గోల. మా బావమరిది, నేను ఎన్నేళ్లుగా వాదించుకుంటున్నామో! ఆ వాదనల్లో సగం ఇప్పుడు చెల్లవు.

2007లో స్టైలస్ ఎవరిక్కావాలి అన్నాడు స్టీవ్ జాబ్స్. 2015లో ఆపిల్ పెన్సిల్ వచ్చింది. 2010లో ఏడంగుళాల ట్యాబ్లెట్లు పుట్టకముందే చచ్చినట్టే అన్నాడాయన. 2012లో 7.9 అంగుళాల ఐప్యాడ్ మినీ వచ్చింది. 2016లో ఐఫోన్ 7లో హెడ్‌ఫోన్ రంధ్రం తీసేస్తే శాంసంగ్ ప్రకటనలు చేసి మరీ ఆటపట్టించింది. 2019లో తన నోట్ 10లో తనే తీసేసింది. 2020లో ఐఫోన్ 12 బాక్సులో చార్జర్ లేకపోతే మళ్లీ వెక్కిరించింది. మూడు నెలలు తిరిగేసరికి ఎస్21 బాక్సులోనూ చార్జర్ మాయం.

ఆ చార్జర్ గొడవలో మా బావమరిది, నేను రెండు వారాలు మాట్లాడుకోలేదు. ఇప్పుడు ఇద్దరం చార్జర్లు విడిగా కొనుక్కుంటున్నాం.

మరి ఆగడం తప్పా?

కాదు. ఆగితే లాభపడినవాళ్లూ ఉన్నారు. అదే సంక్రాంతికి మా పెద్దమ్మ మనవడు ఐప్యాడ్ కొనాలనుకున్నాడు. అప్పుడు షాపుల్లో ఉన్నది 2022 అక్టోబరులో వచ్చిన మోడల్. 64 జీబీ, రూ.34,900. వచ్చి రెండేళ్లు దాటింది కాబట్టి కొత్తది దగ్గర్లోనే ఉంటుందని ఆగాడు. ఆన్‌లైన్ క్లాసులకి ఇంట్లో ల్యాప్‌టాప్ ఎలాగూ ఉంది. 2025 మార్చి 4న కొత్త ఐప్యాడ్ వచ్చింది. అదే రూ.34,900కి 128 జీబీ. ఆగినందుకు నికరంగా లాభం.

వాడికీ మా చెల్లికీ తేడా ఏంటి? వాడు ఆగినన్నాళ్లూ వాడి పని ఆగలేదు. మా చెల్లి పని ఆగింది. అంతే.

అందుకే ఇప్పుడు నన్నెవరైనా అడిగితే ముందు నేనే ప్రశ్నలు వేస్తున్నాను.

ఇప్పుడున్న ఫోన్‌తో మీ పని నడుస్తోందా? నడుస్తుంటే ఎన్నాళ్లయినా ఆగండి, పోయేదేం లేదు. నడవకపోతే లీకులు చదవడం మానేసి షాపుకెళ్లండి.

పాడైంది ఫోనా, బ్యాటరీనా? మా చెల్లి విషయంలో నేను చేసిన అసలు తప్పు ఇదే. ఐఫోన్ కోసం ఆగడం ఆగడమే, ముందు రెండు వేలు పెట్టి బ్యాటరీ మార్పించుకోమని చెప్పాల్సింది. ఆ మాటే నాకు తట్టలేదు. కొత్త ఫోన్ ధ్యాసలో ఉన్నవాడికి పాత ఫోన్ బాగుచేయడం గుర్తురాదు.

మీరు ఎదురుచూసేది కొత్త ఫోన్ కోసమా, పాతదాని ధర తగ్గడం కోసమా? రెండోదైతే అది కాస్త లెక్కకి అందే విషయం. ఐఫోన్లు ఎక్కువగా సెప్టెంబరులో వస్తుంటాయి. 16 వచ్చినప్పుడు 15 ధర పదివేలు తగ్గింది. 17 వచ్చినప్పుడు 16 ధర కూడా అంతే తగ్గి రూ.69,900కి వచ్చింది. దసరా, దీపావళి ఆఫర్లు కూడా ఆ రోజుల్లోనే. ఆగస్టులో అడిగితే ఆగమంటాను. జనవరిలో అడిగితే సెప్టెంబరు దాకా ఆగమని ఇక అనను.

చివరగా, కొన్నది ఎన్నాళ్లు వస్తుంది? గూగుల్ పిక్సెల్ 8తో, శాంసంగ్ గెలాక్సీ ఎస్24తో ఏడేళ్ల అప్‌డేట్లు ఇస్తామన్నాయి. అన్ని ఫోన్లకీ ఇంత ఉండదు. కొనేముందు మోడల్ పేరుతో చూసుకోండి. ఏడేళ్లు వాడే ఫోన్‌ని రెండు నెలలు ముందు కొన్నామా, వెనక కొన్నామా అన్నది అంత పెద్ద విషయం కాదు.

సెప్టెంబరు రాత్రి

2025 సెప్టెంబరు 9 రాత్రి ఐఫోన్ 17 విడుదల చూస్తూ కూర్చున్నాను. 256 జీబీతో మొదలు, ధర రూ.82,900. ఫ్యామిలీ గ్రూపులో అప్పుడే యుద్ధం మొదలైంది. మా బావమరిది వరసగా నవ్వుల ఎమోజీలు పెడుతున్నాడు.

మా చెల్లికి ఉద్యోగం వచ్చింది. ఆ మొదటి కంపెనీలో కాదు, జూన్‌లో ఇంకోచోట. జీతం కాస్త తక్కువే. ఇప్పుడు హైదరాబాద్‌లోనే ఉంటోంది. గ్రూపులో తను ఒక్క మాటా అనలేదని విడిగా మెసేజ్ పెట్టాను. ‘చూస్తున్నావా? ఇప్పుడు నీ జీతానికి ఈఎంఐలో వచ్చేస్తుంది.’

కాసేపటికి జవాబొచ్చింది. ‘లేదన్నయ్యా, చూడట్లేదు. రేపు పొద్దున్నే షిఫ్టు. నాది ఇంకా అరవై శాతం ఉంది, పొద్దుటిదాకా వస్తుంది. అవునూ, అమ్మకి ఫోన్ కొనాలి. ఆగమని మాత్రం చెప్పకు.’

ఆదివారం ఇద్దరం వెళ్లి కొన్నాం.