బెంగాల్ ఓడని బల్ల మీద కడదాం

ఈ పాఠంలో: యుద్ధనౌక నమూనాని కట్టడం, రంగు వేయడం, సముద్రంలో తిరిగినట్టు కనిపించేలా చేయడం. పాఠం చివర కొత్త మాటలు, చేయాల్సిన పనులు ఉన్నాయి.

పిల్లలూ,

పెద్ద వస్తువుని అదే ఆకారంలో, ఒక లెక్క ప్రకారం చిన్నగా చేస్తే దాన్ని నమూనా అంటాం. ఇంట్లో మోడల్ అనే అంటాం, అదీ తప్పు కాదు. బొమ్మకీ నమూనాకీ ఒక తేడా ఉంది. బొమ్మ ఓడకి మూడు పొగగొట్టాలు పెట్టినా ఎవరూ ఏమీ అనరు. నమూనాలో మాత్రం అసలు ఓడకి ఎన్ని ఉంటే అన్నే పెట్టాలి. ఎందుకు పెట్టావని ఎవరైనా అడిగితే జవాబు చెప్పగలగాలి. ఈ పాఠం మొత్తం ఆ "ఎందుకు?" గురించే.

1. ఏ ఓడ?

మన వెర్రిబీ నుంచి రైలెక్కి న్యూపోర్ట్‌లో దిగి, విలియమ్స్‌టౌన్ రైలు పట్టుకుంటే ఒక నిజమైన యుద్ధనౌక దగ్గరికి వెళ్ళొచ్చు. దాని పేరు హెచ్.ఎం.ఎ.ఎస్. కాసిల్‌మైన్. ఆ ఓడని 1941లో విలియమ్స్‌టౌన్‌లోనే కట్టి నీళ్ళలోకి దింపారు. ఇప్పుడది జెమ్ పియర్ దగ్గర మ్యూజియంగా ఉంది.

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఆస్ట్రేలియాలో ఇలాంటి ఓడలు మొత్తం 60 కట్టారు. వీటిని బాథర్స్ట్ తరగతి ఓడలు అంటారు. సముద్రంలో దాచిన మందుపాతరల్ని ఏరేయడం, సరుకు ఓడలకి కాపలా వెళ్ళడం వీటి పని. ఆ 60లో నాలుగు ఓడలు భారత నౌకాదళానికి వెళ్ళాయి. వాటి పేర్లు బెంగాల్, బొంబాయి, మద్రాస్, పంజాబ్. అప్పట్లో మన కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు రాష్ట్రంలోనే ఉండేవి. అంటే ఒక ఓడకి మన వాళ్ళ రాష్ట్రం పేరు పెట్టారన్నమాట.

మన నమూనా కోసం హెచ్.ఎం.ఐ.ఎస్. బెంగాల్‌ని తీసుకుందాం. దీన్ని ఆస్ట్రేలియాలో కట్టారు, పేరు మాత్రం ఇండియాది, నడిపిన నావికుల్లో ఎక్కువమంది భారతీయులు. మీలాగే ఇది కూడా రెండు దేశాలకీ చెందింది.

బెంగాల్ 1942లో నౌకాదళంలో చేరింది. అదే ఏడాది నవంబరు 11న ఆస్ట్రేలియా వైపు నుంచి హిందూ మహాసముద్రం మీదుగా వెళ్తోంది. పక్కనే ఒండినా అనే నెదర్లాండ్స్ చమురు ఓడ ఉంది. దానికి బెంగాలే కాపలా. దారిలో రెండు జపాన్ ఓడలు ఎదురయ్యాయి. ఒక్కోటీ బెంగాల్ కంటే ఎన్నో రెట్లు పెద్దది. బెంగాల్‌కి ఉన్నది ఒకే ఒక్క పెద్ద ఫిరంగి. అయినా బెంగాల్ పారిపోలేదు, వాటి మీదికే వెళ్ళింది. ఆ పోరాటంలో హొకోకు మారు అనే జపాన్ ఓడ మునిగిపోయింది. బెంగాల్‌కీ ఒండినాకీ దెబ్బలు తగిలాయి, కానీ రెండూ తీరం చేరాయి.

ఈ కథని గుర్తుపెట్టుకోండి. రంగు వేసేటప్పుడు మనకి ఇది చాలా అవసరం.

2. ఎంత చిన్నగా?

అసలు ఓడ పొడవు సుమారు 56.7 మీటర్లు, వెడల్పు 9.4 మీటర్లు. మనం 48వ వంతు స్కేలులో కడదాం. అంటే అసలు ఓడ మీద 48 సెంటీమీటర్లు ఉన్నది నమూనాలో 1 సెంటీమీటరు అవుతుంది.

పొడవు: 5670 ÷ 48 = సుమారు 118 సెంటీమీటర్లు. భోజనాల బల్ల మీద సగం చోటు పడుతుంది, అమ్మని ముందే అడగండి!

వెడల్పు: 940 ÷ 48 = సుమారు 19.6 సెంటీమీటర్లు.

168 సెంటీమీటర్ల ఎత్తున్న నావికుడు 3.5 సెంటీమీటర్లు అవుతాడు. మీ బొటనవేలిలో సగం కంటే కాస్త ఎక్కువ.

మరి బరువు? ఇక్కడే చాలామంది తడబడతారు. బరువుని 48తో ఒక్కసారి భాగిస్తే సరిపోదు. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ 48 రెట్లు తగ్గాయి కదా. అందుకని 48 × 48 × 48 = 1,10,592తో భాగించాలి. సరుకూ మందుగుండూ నింపుకున్న అసలు ఓడ బరువు సుమారు వెయ్యి టన్నులు, అంటే పది లక్షల కిలోలు. భాగిస్తే సుమారు 9 కిలోలు వస్తుంది. నమూనాని చెరువులో వదిలితే సరైన గీత దాకా మునగాలంటే దాని బరువు 9 కిలోలు ఉండాలి. తక్కువైతే కార్కులా పైకి తేలి అటూ ఇటూ ఊగుతుంది. అందుకే లోపల అడుగున బరువు పెడతారు.

3. కట్టడం: వెన్నెముక, పక్కటెముకలు, చర్మం

ఓడ ఒంటిని మన ఒంటిలాగే అనుకోండి.

వెన్నెముక: అడుగున ముందు నుంచి వెనక దాకా ఒక పొడవాటి ప్లైవుడ్ పలక పెడతాం. దీన్ని కీల్ అంటారు. ఇది వంకరపోతే ఓడ మొత్తం వంకరే.

పక్కటెముకలు: కీల్‌కి అడ్డంగా, వరసగా పలకలు నిలబెడతాం. ఓడ మధ్యలో వెడల్పు, ముక్కు దగ్గర సన్నం. కాబట్టి ప్రతి పలకా వేరే ఆకారంలో ఉంటుంది. ఈ ఆకారాలన్నీ ఓడ నక్షాలో గీసి ఉంటాయి.

చర్మం: పలకల మీద సన్నటి బాల్సా చెక్క బద్దీలు ఒకదాని పక్కన ఒకటి అంటిస్తాం. ఎడమవైపు ఒకటి అంటిస్తే వెంటనే కుడివైపు ఒకటి అంటించాలి. ఒక వైపు మొత్తం ముందే అంటిస్తే ఆ బద్దీలు లాగి కీల్‌ని వంచేస్తాయి.

బద్దీల మధ్య సందులు మిగులుతాయి. వాటిని లప్పంతో నింపాలి. లప్పం అంటే ఇంటి గోడలకి రంగు వేసే ముందు పూసే ముద్ద. విజయవాడ దగ్గర కొండపల్లి బొమ్మలు చేసేవాళ్ళు కూడా ఇదే పని చేస్తారు. పొణికి చెక్కతో చేసిన చేతులూ కాళ్ళూ అతకడానికి, చింతగింజల పొడీ రంపపు పొట్టూ కలిపిన ముద్ద వాడతారు. దాన్ని మక్కు అంటారు. రాజుగారి ఏనుగుకైనా యుద్ధనౌకకైనా అతుకు కనిపించకూడదు.

లప్పం ఆరాక గరుకు కాగితంతో రుద్దండి. ఓపిక కావాల్సింది ఇక్కడే. మీరు వదిలేసిన 1 మిల్లీమీటరు బొడిపె అసలు ఓడ మీద దాదాపు 5 సెంటీమీటర్ల గడ్డతో సమానం! కళ్ళు మూసుకుని వేళ్ళతో తడిమి చూడండి. కంటికి కనపడనిది వేలికి తెలుస్తుంది.

కత్తి, రంపం వాడేటప్పుడు పెద్దవాళ్ళు పక్కన ఉండాలి. రుద్దేటప్పుడు మాస్కు పెట్టుకోండి.

4. రంగు: దూరపు కొండలు నునుపు

ముందు ప్రైమర్ వేయాలి. ఇది చెక్కని, రంగుని పట్టి ఉంచే పూత. తరువాత రంగుని పల్చగా రెండు మూడు పూతలు వేయాలి. ఒకే మందపాటి పూత వేస్తే సన్నటి వివరాలన్నీ పూడుకుపోతాయి.

యుద్ధం రోజుల్లో ఓడలకి ఎక్కువగా బూడిద రంగు ఛాయలు వేసేవారు. సముద్రం, ఆకాశం కలిసే చోట ఆ రంగు తొందరగా కంటికి ఆనదు. నీళ్ళలో మునిగే భాగానికి వేరే రంగు ఉంటుంది. గుల్ల ఉన్న చిన్న చిన్న సముద్ర జీవులు, నాచు అక్కడ అంటుకుని పెరుగుతాయి. అవి పెరిగితే ఓడ నెమ్మదిస్తుంది. అందుకని అవి అంటకుండా రాగి లాంటివి కలిపిన ప్రత్యేకమైన రంగు పూసేవారు.

"దూరపు కొండలు నునుపు" అనే సామెత వినే ఉంటారు. దూరం నుంచి చూస్తే లోపాలు కనపడవని దాని అర్థం. రంగుల విషయంలో ఇంకో సంగతి కూడా ఉంది. దూరపు కొండలు లేతగా, పాలిపోయినట్టు కనిపిస్తాయి. మన కంటికీ కొండకీ మధ్య ఉన్న గాలే దానికి కారణం. నమూనాని ఒక మీటరు దూరం నుంచి చూడటమంటే, అసలు ఓడని 48 మీటర్ల దూరం నుంచి చూడటమే. అందుకే నమూనా చేసేవాళ్ళు చాలామంది అసలు రంగులో కొంచెం తెలుపు కలుపుతారు. కలపకపోతే ఓడ బొమ్మలా ముదురుగా కనిపిస్తుంది.

5. సముద్రం చేసే పని

ఇప్పుడు మన ఓడ నిగనిగలాడుతోంది. కానీ సముద్రంలో తిరిగిన ఓడ అలా ఉండదు. ఎండ, ఉప్పు, నీళ్ళు, పొగ, మనుషుల కాళ్ళు దాని మీద గుర్తులు వదులుతాయి. ఆ గుర్తుల్ని మనమే వేయాలి. దీనికి ఒకే నియమం: ఎందుకు వచ్చిందో చెప్పలేని మరక వేయకూడదు.

తుప్పు: ఇనుము, గాలి, నీళ్ళు కలిస్తే తుప్పు పడుతుంది. ఉప్పు ఉంటే ఇంకా తొందరగా పడుతుంది. అది ఎక్కడ మొదలవుతుంది? రంగు ఊడిన చోట. లంగరు గొలుసు రాసుకునే చోట, తాళ్ళు ఒరుసుకునే అంచుల దగ్గర, డెక్ మీది నీళ్ళు బయటికి పోయే తూముల కింద. తుప్పు నీళ్ళు పై నుంచి కిందికి కారతాయి. కాబట్టి గీత పైన ముదురుగా, కిందికి వచ్చేకొద్దీ సన్నగా మాయమవ్వాలి.

పొగమసి: ఓడ ముందుకి వెళ్తుంటే పొగ వెనక్కి పోతుంది. అందుకని మసి పొగగొట్టం పైభాగంలో, దాని వెనక వైపు ఎక్కువ ఉంటుంది.

నీటి గీత: ఓడ నూనె తగలబెట్టుకుంటూ వెళ్ళేకొద్దీ బరువు తగ్గి కొంచెం పైకి లేస్తుంది. అందుకే నీటి మట్టం దగ్గర ఒక మాసిన పట్టీ కనిపిస్తుంది, ఒక్క గీత కాదు.

అడుగులు: నావికులు రోజూ నడిచే దారిలో డెక్ రంగు అరుగుతుంది. ఎవరూ వెళ్ళని మూలల్లో కొత్తగానే ఉంటుంది.

తుప్పు గీత వేసే పద్ధతి ఇది. గోధుమ రంగు వాటర్ కలర్‌లో ఒక చుక్క గిన్నెల సబ్బు కలపండి. సబ్బు ఉంటే రంగు ముత్యాల్లా విడిపోకుండా పరుచుకుంటుంది. సన్నటి కుంచెతో ఒక చిన్న చుక్క పెట్టండి. వెంటనే తడి కుంచెతో కిందికి ఒక్కసారి లాగండి. నచ్చకపోతే తడిగుడ్డతో తుడిచేయొచ్చు. అన్నీ అయ్యాక మెరుపు లేని వార్నిష్ వేస్తే మరకలు చెదరవు.

6. ఏ రోజు ఓడ?

తుప్పు వేయడం సరదాగా ఉంటుంది. సరదాలో పడి ఓడ మొత్తం ఎర్రగా చేసేస్తాం. అప్పుడు అది యుద్ధనౌకలా కాదు, వదిలేసిన పాత ఓడలా కనిపిస్తుంది. యుద్ధనౌకలో నావికులకి తుప్పు గీకడం, మళ్ళీ రంగు వేయడం ఎప్పుడూ ఉండే పని. ఓడ నిండా తుప్పు వేస్తే వాళ్ళు తమ పని సరిగ్గా చేయలేదని మనం చెప్పినట్టే.

అందుకే కుంచె పట్టుకునే ముందు ఇది తేల్చుకోండి: మీది ఏ రోజు ఓడ?

బెంగాల్ కథ గుర్తు చేసుకోండి. పోరాటం రోజుకి ఆ ఓడ నౌకాదళంలో చేరి ఏడాది కూడా కాలేదు. కాబట్టి ముదురు తుప్పు ఎక్కడి నుంచి వస్తుంది? లంగరు దగ్గర కొంచెం, తూముల కింద కొంచెం, పక్కల మీద తెల్లటి ఉప్పు చారలు. అంతే. పోరాటం తరువాతి రోజు ఓడ చేయాలనుకుంటే గుండు తగిలిన చోట రంగు మాడాలి, రేకు చిరగాలి. ఆ చిరుగు దగ్గర తుప్పు ఇంకా కొత్తది, నారింజ రంగులో ఉంటుంది. పాతదైతే ముదురు గోధుమ రంగులో ఉంటుంది.

మీరు సెలవులకి విశాఖపట్నం వెళ్తే రామకృష్ణా బీచ్‌లో ఐ.ఎన్.ఎస్. కుర్సురా జలాంతర్గామిని చూడొచ్చు. సుమారు 91 మీటర్ల పొడవుంటుంది. 2002 నుంచి అది మ్యూజియం. దాని మీద ఎక్కడైనా తుప్పు కనిపిస్తే ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. అది సముద్రంలో తిరిగినప్పుడు వచ్చిందా, ఒడ్డున ఉప్పుగాలిలో నిలబడి ఉన్నందుకు వచ్చిందా? మ్యూజియంలో ఉన్న ఓడని చూసి, పనిలో ఉన్న ఓడ కూడా అలాగే ఉండేదని అనుకోకూడదు.

నమూనాకి మాటలు రావు. బెంగాల్‌లో పనిచేసినవాళ్ళు ఎలాంటివాళ్ళో అది మరకలతోనే చెప్పాలి. అందుకే మనం వేసే ప్రతి మరకా నిజం కావాలి.

కొత్త మాటలు

లంగరు: ఓడ కదలకుండా నీళ్ళ అడుగుకి వేసే బరువైన ఇనుప కొక్కెం.
తుప్పు: ఇనుము మీద వచ్చే ఎర్రటి పొడి.
తూము: నీళ్ళు బయటికి పోయే కన్నం.
జలాంతర్గామి: నీళ్ళ లోపల వెళ్ళే ఓడ.
మసి: పొగ వల్ల అంటుకునే నల్లటి పొడి.
ఒరుసుకోవడం: ఒకదానికి ఒకటి రాసుకోవడం.

చేసి చూడండి

1. సీరియల్ డబ్బా అట్టతో 200వ వంతు స్కేలులో బెంగాల్ పక్క ఆకారం కత్తిరించండి. పొడవు ఎన్ని సెంటీమీటర్లు రావాలి? లెక్క రాయండి.

2. దానికి బూడిద రంగు వేసి, ఆరాక మూడే మూడు మరకలు వేయండి. ఒక్కో మరక ఎందుకు వచ్చిందో ఒక్కో తెలుగు వాక్యం రాయండి. ఉదాహరణ: "ఇక్కడ లంగరు గొలుసు ఒరుసుకుంది, అందుకే తుప్పు పట్టింది."

3. మీ ఇంటి బయట గేటు, సైకిలు, కుళాయి చూడండి. తుప్పు ఎక్కడ మొదలైంది? ఎటు కారింది? బొమ్మ గీయండి.

4. అమ్మమ్మకో తాతయ్యకో ఫోన్ చేసి, వాళ్ళింట్లో బాగా పాత వస్తువు ఏదో అడగండి. "దాని మీద ఆ గుర్తు ఎలా పడింది?" అని అడిగి, వాళ్ళు చెప్పింది వచ్చే తరగతిలో చెప్పండి.