ఫోను మనది... తాళం చెవి ఎవరిది?

శ్రీసిటీలో తయారైన ఒక చిన్న ఫోను చెప్పే పాఠం

నూజివీడు: మామిడి కోతలు ముగిసి, గుత్తదారులతో లెక్కలు తేలి, రైతు చేతిలో నాలుగు డబ్బులు ఆడే రోజుల్లో నూజివీడు బజారులోని సెల్‌ఫోను దుకాణాలకూ గిరాకీ తగులుతుంది. ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి వైపు నుంచి వచ్చిన రైతు పురుగు మందుల కొట్టు బాకీ తీర్చి, జేబులోంచి పాత ఫోను తీసి మరమ్మతు కుర్రవాడి ముందు పెడతాడు. ఆ తర్వాత సాగే మాటలు ఏ ఊళ్లోనైనా దాదాపు ఒకటే.

"వాట్సాప్ రావడం లేదబ్బాయ్. సెట్టు పోయిందా?"

"సెట్టు రాయిలా ఉంది బాబాయ్. లోపలి ఆండ్రాయిడే పాతబడింది. దీనికి ఇక కొత్తది రాదు. ఫోను మార్చుకోవడమే."

"గోడ కూలలేదు, కప్పు కారలేదు, ఇల్లు మార్చమంటావేమిట్రా!"

కుర్రవాడి దగ్గర జవాబు లేదు. తప్పు అతనిది కాదు. అసలు జవాబు ఆ దుకాణంలో లేదు.

విలాసం కాదు, పనిముట్టు

ఈ ప్రాంత రైతుకు సెల్‌ఫోను ఇప్పుడు పార, పలుగుల సరసన చేరింది. నున్న మామిడి మార్కెట్లో ఈ పూట ధర ఎంతో తెలిసేది అందులోనే. పూత మీద తేనెమంచు పురుగు కనబడితే ఫోటో తీసి తెలిసినవారికి పంపేది దాంతోనే. 2016లో యూపీఐ వచ్చాక కాయ డబ్బులు, కూలి డబ్బులు కూడా దాని ద్వారానే చేతులు మారుతున్నాయి. అలాంటి పనిముట్టు ఇనుము అరగకుండానే మూలన పడటం చిన్న నష్టమేమీ కాదు. ఇంట్లో ముగ్గురికి మూడు ఫోన్లుంటే, నాలుగైదేళ్లకోసారి ఆ ఖర్చు మళ్లీ మొదటికొస్తుంది.

ఎక్కడి నుంచి వచ్చిందీ చిక్కు? దానికి మన రాష్ట్రంలోనే తయారైన ఒక ఫోను కథ చక్కని ఉదాహరణ.

శ్రీసిటీ బిడ్డ

2015 ఆగస్టు 10న విశాఖపట్నంలో, అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు సమక్షంలో, షియోమీ కంపెనీ రెడ్‌మి 2 ప్రైమ్ అనే ఫోనును విడుదల చేసింది. ఆ కంపెనీ మన దేశంలో తయారు చేయించిన మొదటి ఫోను అదే. బిగించింది శ్రీసిటీలోని ఫాక్స్‌కాన్ కర్మాగారం. అప్పుడు చిత్తూరు జిల్లాలో ఉన్న శ్రీసిటీ 2022 నుంచి తిరుపతి జిల్లాలో ఉంది. ఫోను ధర 6,999 రూపాయలు. 4.7 అంగుళాల తెర, 2 జీబీ ర్యామ్, 16 జీబీ నిల్వ. వెనక మూత గోటితో ఊడదీసి బ్యాటరీ మార్చుకునే వీలుంది. ఆ ధరకు అది మంచి సరుకే.

అమ్మకానికి వచ్చిననాడు అందులో నడిచినది ఆండ్రాయిడ్ 4.4. ఏళ్లు గడిచాయి. ఆండ్రాయిడ్ ముందుకు పోయింది. 2025 జనవరి 1 నుంచి ఆ 4.4 మీదే ఉండిపోయిన ఫోన్లన్నిటిలో, ఏ కంపెనీవైనా సరే, వాట్సాప్ ఆగిపోయింది. తెర వెలుగుతూనే ఉంది. మాట వినబడుతూనే ఉంది. పని మాత్రం ఆగింది.

కథ ఇక్కడితో ముగిస్తే ఇది అన్ని ఫోన్ల కథే. కానీ రెడ్‌మి 2 కుటుంబం విషయంలో ఇంకొకటి జరిగింది. ఫోన్ల తాళం తీసి, లోపలి సాఫ్ట్‌వేర్‌ను మార్చే ఔత్సాహికులు దీన్ని చేతికి తీసుకున్నారు. 'లినేజ్ ఓఎస్' అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌తో దాన్ని మరింత కొత్త ఆండ్రాయిడ్ దాకా తీసుకువచ్చారు. కొన్నేళ్లకు వారూ ఆపేశారు. అయినా పని ఆగలేదు. 'పోస్ట్‌మార్కెట్ ఓఎస్' అనే మరో బృందం ఆండ్రాయిడ్‌నే పక్కన పెట్టి, కంప్యూటర్లలో నడిచే లినక్స్‌ను నేరుగా ఆ ఫోనులోకి ఎక్కించింది. ఫోను ఆయుష్షును పదేళ్లకు పెంచాలనే పట్టుదలతో 2017లో మొదలైన ప్రయత్నమది. కంపెనీ వదిలేసిన శ్రీసిటీ బిడ్డను, దాన్ని ఎన్నడూ అమ్మనివారు పెంచారన్నమాట.

ముదురు చెట్టుకు కొత్త అంటు

ఈ పని నూజివీడు రైతుకు కొత్త కాదు. తోట ముదిరి కాపు తగ్గితే చెట్టును మొదలంటా నరకడమొక్కటే మార్గం కాదని ఇక్కడివారికి తెలుసు. కొమ్మలు కొట్టించి, వచ్చిన చిగుళ్లలో బలమైనవి ఉంచి, కావాలంటే వాటి మీద మేలైన రకం అంటు కట్టిస్తే కొన్నేళ్లలో మళ్లీ కాపు పడుతుంది. వేరు పాతదే, కాయ కొత్తది. ఫోనులో తెర, చిప్పు, బ్యాటరీ వేరూ మానూ అనుకుంటే, ఆపరేటింగ్ సిస్టమ్ పైన కట్టిన అంటు. దాన్ని మార్చవచ్చు.

మరి అందరి ఫోన్లకూ ఎందుకు మార్చడం లేదు?

ఆండ్రాయిడ్ పుట్టుక బహిరంగమైనదే. 1991లో ఫిన్లాండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన లినక్స్ మీద అది నిలిచింది. మొదటి ఆండ్రాయిడ్ ఫోను 2008లో వచ్చింది. దాని మూల కోడ్‌ను ఎవరైనా చదవవచ్చు, వాడుకోవచ్చు. కానీ ఆ మూలం ఫోనులోకి చేరేలోపు రెండు చేతులు మారుతుంది. చిప్పు చేసినవారు తమ చిప్పు నడిచేందుకు కావలసిన ముక్కలు కలుపుతారు. వాటిలో చాలా భాగం బయటికి చూపరు. ఫోను కంపెనీ తన హంగులు కలుపుతుంది. కొత్త ఆండ్రాయిడ్ వచ్చినప్పుడల్లా ఈ ఇద్దరూ మళ్లీ శ్రమపడాలి. అమ్ముడైపోయిన ఫోనుకు ఆ శ్రమ వల్ల కంపెనీకి వచ్చే లాభం లేదు. చిప్పువారు చేతులెత్తేస్తే ఫోనువారు తలచుకున్నా కష్టమే.

ఇవి చాలక, ఫోను మొదలయ్యే చోట 'బూట్‌లోడర్' అనే తాళం ఉంటుంది. కంపెనీ ముద్ర ఉన్న సాఫ్ట్‌వేర్‌ను తప్ప మరొకదాన్ని అది రానివ్వదు. దొంగ సాఫ్ట్‌వేర్ చొరబడకుండా అది కాపలాయే, కాదనలేం. కానీ యజమానిని కూడా అదే ఆపుతుంది. కొన్ని కంపెనీలు తాళం తీసే వీలిస్తాయి. కొన్ని అనుమతి అడిగించి రోజుల తరబడి ఆగమంటాయి. కొన్ని అసలే ఇవ్వవు. తోట కొన్నవాడికి గేటు తాళం ఇవ్వకపోతే అది కొనుగోలా, కౌలా అన్నదే ప్రశ్న.

మూలం బహిరంగమైనంత మాత్రాన తలుపు తెరిచినట్టు కాదనడానికి జియోఫోనే సాక్ష్యం. 2017లో 1,500 రూపాయల డిపాజిట్‌తో పల్లెపల్లెకూ చేరిన ఆ ఫోనులో నడిచేది కైఓఎస్. మొజిల్లా సంస్థ బహిరంగంగా తయారుచేసి, తర్వాత వదిలేసిన ఫైర్‌ఫాక్స్ ఓఎస్ నుంచే అది పుట్టింది. అయినా సొంతదారు అందులో తనకిష్టమైనది వేసుకునే ఏర్పాటు కంపెనీ చేయలేదు.

తొందరపడితే చేతులు కాలతాయి

ఇంతవరకు చదివి వెంటనే ఫోను తాళం తీయించడానికి బయల్దేరవద్దు. తాళం తీస్తే ఫోనులోని ఫోటోలు, నంబర్లు అన్నీ చెరిగిపోతాయి. మధ్యలో పొరపాటు జరిగితే ఫోను ఇటుకతో సమానం. అన్నిటికన్నా ముఖ్యం: తాళం తీసిన ఫోన్లను నమ్మలేమంటూ చాలా బ్యాంకు యాప్‌లు, చెల్లింపుల యాప్‌లు పనిచేయడానికి నిరాకరిస్తాయి. కాయ డబ్బులు పడే ఫోను మీద ఈ ప్రయోగం కూడదు.

ఇది మూలన పడ్డ రెండో ఫోనుకు తగిన వైద్యం. పిల్లల చదువుకు, పాటలకు, పుస్తకాలకు అది మళ్లీ పనికొస్తుంది. నేర్చుకునే కుర్రకారుకు అంతకన్నా మంచి బడి లేదు. పదో తరగతి ముగించిన పల్లె పిల్లల కోసం 2008లో ఏర్పడిన ట్రిపుల్ ఐటీ నూజివీడులోనే ఉంది. అలాంటి చోట చదివే పిల్లలు సెలవులకు ఇంటికొచ్చినప్పుడు పెట్టెలోని పాత ఫోను వారి చేతికిచ్చి చూడవచ్చు.

చట్టాలు కదులుతున్నాయి

గోడు పెరిగాక ప్రభుత్వాలూ మేలుకున్నాయి. ఆండ్రాయిడ్ ఫోన్ల మీద గూగుల్ పెట్టిన షరతులు పోటీని దెబ్బతీస్తున్నాయంటూ మన దేశపు పోటీ కమిషన్ 2022 అక్టోబరులో ఆ సంస్థకు 1,337.76 కోట్ల రూపాయల జరిమానా వేసింది. 2023 మార్చిలో అప్పిలేట్ ట్రిబ్యునల్ కొన్ని ఆదేశాలను కొట్టివేసినా జరిమానాను నిలబెట్టింది. 2023 జనవరిలో మద్రాసు ఐఐటీ నీడలో పెరిగిన ఒక సంస్థ 'భరోస్' అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ను చూపింది. అయితే దాన్ని ముందుగా గోప్యత అవసరమైన సంస్థల కోసమే ఉద్దేశించారు.

యూరప్ మరో అడుగు ముందుకేసింది. 2025 జూన్ 20 నుంచి అక్కడ అమ్మే ఫోన్లకు, ఆ రకం అమ్మకం ఆపిన తర్వాత కనీసం అయిదేళ్లు సాఫ్ట్‌వేర్ మార్పులు, ఏడేళ్లు విడిభాగాలు అందించాలన్న నిబంధన అమల్లోకి వచ్చింది. కొత్త సరుకు కూడా మారుతోంది. నెదర్లాండ్స్‌కు చెందిన ఫెయిర్‌ఫోన్ సంస్థ స్క్రూడ్రైవర్ ఒక్కటి ఉంటే ఇంట్లోనే తెర, బ్యాటరీ, కెమెరా మార్చుకునే ఫోన్లు చేస్తోంది. 2023లో తెచ్చిన అయిదో తరం ఫోనుకు 2031 దాకా సాఫ్ట్‌వేర్ ఇస్తామని మాటిచ్చింది. 'పైన్‌ఫోన్' అనే లినక్స్ ఫోనులో మైకును, కెమెరాలను, సిగ్నల్‌ను నిజంగా ఆపేసే చిన్న మీటలు మూత కింద ఉంటాయి. ఇవి మన బజారు సరుకు కాదు. కానీ ఇలా చేయవచ్చని నిరూపించాయి. ఆ గాలి పెద్ద కంపెనీలకూ తగిలింది. గూగుల్ 2023లో పిక్సెల్ 8కు, శాంసంగ్ 2024లో ఎస్24కు ఏడేళ్ల హామీ ఇచ్చాయి. అవి ఖరీదైన ఫోన్లు. పల్లెలు కొనే చవక ఫోన్లకు ఆ ఆయుష్షు దక్కాల్సి ఉంది.

కొనేముందు నాలుగు మాటలు

మామిడి మొక్క కొనేటప్పుడు రైతు ఊరికే డబ్బివ్వడు. ఏ తల్లి చెట్టు అంటు, వయసెంత, వేరు బాగుందా అని అడుగుతాడు. ఫోనుకూ అదే పద్ధతి.

ఒకటి: సెక్యూరిటీ అప్‌డేట్లు ఎన్నేళ్లు వస్తాయి? ఆ లెక్క సాధారణంగా మీరు కొన్న రోజు నుంచి కాదు, ఆ రకం విడుదలైన రోజు నుంచి. రెండేళ్ల నాటి మోడల్ చవకగా వచ్చిందంటే రెండేళ్ల ఆయుష్షు అప్పటికే ఖర్చయినట్టే.

రెండు: ఇప్పుడున్న ఫోను సంగతేమిటి? సెట్టింగ్స్‌లోకి వెళ్లి సెక్యూరిటీ అప్‌డేట్ తేదీ చూడండి. ఏడాది దాటితే ఆ ఫోనులో బ్యాంకు పనులు తగ్గించుకోవడం మేలు.

మూడు: బ్యాటరీ, తెర మన ఊళ్లో దొరుకుతాయా, బిగించే మనిషి ఉన్నాడా?

నాలుగు: కంపెనీ చేతులెత్తేసిన రోజున తాళం తీసుకునే వీలిస్తుందా?

నాలుగో ప్రశ్నకు దుకాణంలో కుర్రవాడు తెల్లముఖం వేయవచ్చు. అయినా అడగాలి. పదిమంది అడిగితే అతను పంపిణీదారుని అడుగుతాడు, పంపిణీదారు కంపెనీని అడుగుతాడు. చిన్న రసాలు ఏవి, పెద్ద రసాలు ఏవి అని తెలియని వ్యాపారి నూజివీడులో నిలవలేదు. కొనేవారికి తెలియడం వల్లే అమ్మేవారూ నేర్చుకున్నారు. ఫోను విషయంలోనూ అంతే.