క్యోటోలో శాకాహారికి దారి గుడిలోనే ఉంది

ఈవేళ జపాన్‌లోని క్యోటో నగరం గురించి, అక్కడి గుళ్ళ గురించి, తిండి గురించి నాలుగు మాటలు చెబుతాను. 794 నుంచి వెయ్యేళ్ళకు పైగా చక్రవర్తులకు రాజధానిగా ఉన్న ఊరు ఇది. నేను ఐటీ కన్సల్టెంటుని. ఒసాకాలో ప్రాజెక్టు పని పడినప్పుడు మా అమ్మని కూడా తీసుకెళ్ళాను. అమ్మ ఉల్లి, వెల్లుల్లి కూడా ముట్టదు. "అక్కడ నేనేం తింటానురా?" అన్నది ఆవిడ బెంగ. పెద్దవాళ్ళని జపాన్ తీసుకెళ్ళాలనుకునే మనవాళ్ళందరిదీ ఇదే బెంగ కదా!

ముందు చిక్కు ఎక్కడుందో చూద్దాం. జపాన్ వంటకి ప్రాణం దాషి. మనకి చారుకట్టు ఎలాగో వాళ్ళకి అది అలాగ. మామూలుగా దాన్ని ఎండబెట్టి పొగపెట్టిన చేప తురుముతో, కొంబు అనే సముద్రపు నాచుతో కాస్తారు. చూడటానికి లేత రంగు నీళ్ళు, అంతే. వంకాయ కూర, సూప్, నూడుల్స్ అన్నిట్లోనూ అది కనబడకుండా ఉంటుంది. "మాంసం వద్దు" అంటే సరిపోదు. 675లో తెన్ము చక్రవర్తి ఆవు, గుర్రం, కుక్క, కోతి, కోడి మాంసం తినకూడదని ఆజ్ఞ వేశాడు. ఆ జాబితాలో చేప లేదు. చేప అక్కడ నిత్యాహారంగానే ఉండిపోయింది.

చేపని కూడా వదిలేసింది బౌద్ధ మఠాల వంటశాల. ఆ వంట పేరు షోజిన్ ర్యోరి. షోజిన్ అంటే శ్రద్ధతో చేసే సాధన, ర్యోరి అంటే వంట. ఇందులో దాషిని కొంబుతో, ఎండు పుట్టగొడుగులతో కాస్తారు. ఉల్లి, వెల్లుల్లి నిషిద్ధం. మన మడి వంట గుర్తొస్తోంది కదూ! దోగెన్ అనే జెన్ గురువు 1237లో మఠంలో వంటవాడి ధర్మాల మీద ఏకంగా ఒక గ్రంథమే రాశాడు. వంట కూడా ధ్యానంతో సమానమైన సాధనే అని ఆయన మతం.

అరషియామాలోని తెన్‌ర్యూజి గుడి ఆవరణలోనే మధ్యాహ్నం పూట ఈ భోజనం పెడతారు. ముందే బుక్ చేసుకుంటే మంచిది. అమ్మకి బాగా నచ్చింది నువ్వుల తోఫు. పేరుకే తోఫు, నిజానికి నువ్వుల ముద్దని ఒక దుంప పిండితో కలిపి ఉడికిస్తారు. ఇంకోటి యుబా. పాలమీద మీగడ తీసినట్టు సోయాపాల మీద కట్టిన మీగడ అన్నమాట. నాన్‌జెన్‌జి గుడి దగ్గర కొంబు నీళ్ళలో వేడిచేసిన తోఫు పెడతారు. అయితే దాంతో ఇచ్చే సాస్‌లో చేప ఉండొచ్చు, అడగడం మరవకండి. "నికు తో సకానా వా తబెరారెమాసెన్", అంటే "మాంసం, చేప తినలేను" అని జపనీస్‌లో రాయించిన కాగితం జేబులో ఉంచుకోండి. కింద "చేప దాషి కూడా వద్దు" అని రాయించండి.

ఇక గుళ్ళు. వందలున్నాయి కానీ మనవాళ్ళు తప్పక చూడవలసినవి రెండు. మొదటిది సాన్‌జూసాన్‌గెన్‌దో. 1266లో తిరిగి కట్టిన, సుమారు 120 మీటర్ల పొడవైన చెక్క మంటపం. అందులో 1001 కన్నోన్ విగ్రహాలు బారులు తీరి ఉంటాయి. కన్నోన్ అంటే మన అవలోకితేశ్వరుడే. వాటి కాపలాకి 28 మంది దేవతలు. అందులో వేణువు ఊదుతున్న పక్షిముఖం ఆయన పేరు కరుర. అవును, గరుడుడే! రెండోది తోజి. అక్కడ నాలుగు హంసల మీద బొన్‌తెన్, ఏనుగు మీద తైషకుతెన్ కూర్చుని ఉంటారు. వాహనాలు చూసి పేర్లు మీరే చెప్పేయగలరు: బ్రహ్మ, ఇంద్రుడు. బౌద్ధంతో పాటు చైనా మీదుగా ఇంతదూరం వచ్చారు. తోజిలో అమ్మ ఎవరూ చెప్పకుండానే హంసల్ని చూసి చేతులు జోడించింది.

కాబట్టి పెద్దవాళ్ళతో వెళ్ళేటప్పుడు రోజుకి రెండు గుళ్ళు మించి పెట్టుకోకండి. వాటిలో ఒకటి భోజనం దొరికే గుడి అయ్యేట్టు చూసుకోండి. రాత్రికి కందిపొడి ఎలాగూ ఉంటుంది.