చౌమహల్లా కొలువుకూటము

హైదరాబాదు చార్మినారు కడ లాడ్ బజారు గాజుల గలగలలు దాటి ఖిల్వతు వైపు మళ్ళినవారికి చౌమహల్లా ప్రాసాదము ఎదురగును. అఫ్జల్, ఆఫ్తాబ్, మహతాబ్, తహ్నియత్ అను నాలుగు మహళ్ళ సముదాయమగుటచే దానికా పేరు. 1750 ప్రాంతమున ఆరంభమైన నిర్మాణము అఫ్జలుద్దౌలా ఏలుబడిలో, అనగా 1857–1869 నడుమ, ముగిసినది. తరములు పట్టిన పని యగుటచే ఉత్తరపు ముంగిట మొగలాయి కమానులు, దక్షిణమున పాశ్చాత్య స్తంభములు కన్పించును.

తుది యిరువురు నిజాములకును ఇది ప్రధానముగా కాపురపు ఇల్లు కాదు. ఆరవ నిజాము పురానీ హవేలీలో, ఏడవ నిజాము కింగ్ కోఠీలో నివసించిరి. ఇచ్చట జరిగినది కొలువు. ఖిల్వత్ ముబారక్‌లోని పాలరాతి పీఠము, దానిపై వ్రేలాడు పందొమ్మిది బెల్జియం దీపగుచ్ఛములు ఆ వైభవమునకే ఏర్పడినవి. ఆ వైభవమునకు మూలధనము తెలుగు, మరాఠీ, కన్నడ సీమల రైతులు చెల్లించిన శిస్తు. వారిలో ఈ గడప త్రొక్కినవారెందరు?

కొలువే ప్రాణమైన యింటికి కొలువు పోయిన మిగులునదేమి? 1948లో సంస్థానము భారతదేశమున కలిసినది. 1967లో ముకర్రం జా పీఠమెక్కిన వేడుక ఇచ్చటనే జరిగినది గాని, అటుపిమ్మట ఆయన ఆస్ట్రేలియాకు తరలిపోయెను. నలువదియైదు ఎకరముల ఆవరణ తరిగి తరిగి, నేడు పన్నెండు ఎకరముల ప్రాంతమున మిగిలినది. పోయిన ఆ భూమిని ఏ జీర్ణోద్ధారణమును తిరిగి తేజాలదు.

మిగిలినదానిని నిలిపినది ఒక స్త్రీ పట్టుదల. ముకర్రం జా తొలి భార్య, తుర్కీ దేశస్థురాలు ఎస్రా, విడాకులైన యేండ్లకు మరలి వచ్చి ఈ భారము తలకెత్తుకొనిరి. బంధము తెగిన యింటికై పాటుపడుట లోకమున అరుదు. సుమారు 2000 నుండి సాగిన పని ఫలించి 2005లో ప్రాసాదము ప్రజలకు తెరువబడినది. 2010లో యునెస్కో పురస్కారము లభించినది.

కేవలము వస్తుప్రదర్శనశాలయై యుండిన ఇల్లు మరల మూగవోయెడిదే. నేడు ముంగిళ్ళలో ఉత్సవములు, విందులు జరుగుచున్నవి. 2025 మే నెలలో ప్రపంచ సుందరి పోటీల అతిథులకు ఇచ్చటనే విందు చేసిరి. ఈ తళుకుబెళుకులు కొందరికి రుచింపకపోవచ్చును. అయినను కూలిన కమానుకంటె వెలిగిన దీపము మేలు కాదా!

2023 జనవరిలో ఇస్తాంబుల్‌లో కన్నుమూసిన ముకర్రం జా పార్థివదేహమును ప్రజల దర్శనార్థము ఈ ప్రాసాదముననే ఉంచిరి. పాతబస్తీ జనము బారులు తీరి వచ్చి చూచినది. ఆ పిమ్మట మక్కా మసీదులో ఖననము జరిగినది.