రొమ్ము కాన్సరు చికిత్స పిదప ఈస్ట్రోజెన్: పరీక్షలు, అల్పమోతాదు, జాగ్రత్తలు

మన దేశమున స్త్రీలకు వచ్చు కాన్సరులలో నేడు మొదటి స్థానము రొమ్ము కాన్సరుది. 2022వ సంవత్సరమున భారతదేశమున సుమారు 1,92,000 మంది స్త్రీలకు ఈ వ్యాధి క్రొత్తగా కనబడినట్లు అంతర్జాతీయ అంచనా. సకాలమున గుర్తించి చికిత్స పొందినవారిలో అనేకులు దీర్ఘకాలము సుఖముగ జీవించుచున్నారు. కాని శస్త్రచికిత్స, మందులు, కిరణచికిత్స ముగించుకొని ఇల్లు చేరినంతమాత్రమున బాధలన్నియు తీరవు. ఉన్నట్లుండి ఒంటిలో సెగలు క్రమ్ముట, రాత్రులు చెమటలు పట్టి నిద్ర చెడుట, కీళ్ళనొప్పులు, యోని పొడిబారి మంట పుట్టుట, మాటిమాటికి మూత్రమున మంట - వీనిని ఇంటివారికి చెప్పుకొనలేక, డాక్టరును అడుగుటకు సిగ్గుపడి, లోలోన ఓర్చుకొనువారు పెక్కుమంది.

వీరిలో కొందరు ఎవరికిని చెప్పక కాన్సరు మాత్రలు మానివేయుదురు. మరికొందరు ఇరుగుపొరుగువారు చెప్పిన హార్మోను మందును తెప్పించుకొని వాడుదురు. రెండును అపాయకరములే. ఈ బాధలకు తగిన ఉపాయములు కలవు. అవి ఏవో, వానికి ముందు ఏ పరీక్ష అవసరమో, ఏ పరీక్ష నమ్మదగినదో తెలుపుటయే ఈ చిన్న పుస్తకము ఉద్దేశము.

ఈస్ట్రోజెన్ అనగా నేమి?

ఈస్ట్రోజెన్ స్త్రీ శరీరమున ముఖ్యముగా అండాశయములలో తయారై, రక్తముతో సర్వాంగములకు చేరు హార్మోను. రొమ్ములు, గర్భాశయము, యోని, ఎముకలు దీని ప్రభావమునకు లోబడియున్నవి. ముట్లుడిగిన పిదప అండాశయములు దీనిని తయారుచేయుట దాదాపు మానివేయును. అయినను క్రొవ్వు మొదలగు భాగములలో ఆరోమటేజ్ అను ఎంజైము వలన కొంత ఈస్ట్రోజెన్ పుట్టుచునే యుండును.

ఈ హార్మోనునకును రొమ్ము కాన్సరునకును సంబంధము కలదని గ్లాస్గో నగరపు శస్త్రవైద్యుడు జార్జి బీట్సన్ 1896లో లోకమునకు తెలిపెను. అండాశయములను తీసివేసినప్పుడు ముదిరిన రొమ్ము కాన్సరు కొందరిలో తగ్గుట ఆయన గమనించెను. కొందరిలోనే ఏల తగ్గవలెనను ప్రశ్నకు సమాధానము లభించుటకు మరి అరువది సంవత్సరములు పట్టెను. 1950 దశకము చివర చికాగోలో ఎల్వుడ్ జెన్సన్ అను శాస్త్రజ్ఞుడు ఈస్ట్రోజెన్‌ను పట్టి నిలుపుకొను ప్రత్యేక పదార్థము కొన్ని కణములలో కలదని కనుగొనెను. దీనినే గ్రాహకము అందురు. తడి తగిలిన విత్తనము మొలకెత్తినట్లు, గ్రాహకములు గల కాన్సరు కణములు ఈస్ట్రోజెన్ తగిలినప్పుడు పెరుగును. గ్రాహకములు లేని కణములు ఈస్ట్రోజెన్‌తో పనిలేకయే పెరుగును.

మొదటి పరీక్ష: గడ్డ ముక్కపై

“హార్మోను పరీక్ష” అను మాటను రెండు వేరువేరు పరీక్షలకు వాడుచుందురు. రెంటిని కలిపి తికమకపడరాదు.

మొదటిది గడ్డనుండి తీసిన ముక్కపై చేయునది. పలుచని పొరలుగా కోసిన ముక్కకు రంగులు పట్టించి, ఈస్ట్రోజెన్, ప్రొజెస్టరోన్ గ్రాహకములు ఎన్ని కణములలో ఉన్నవో సూక్ష్మదర్శినిలో చూతురు. నూటికి ఒక కణమున గ్రాహకము కనబడినను ఆ కాన్సరును గ్రాహకములు గలదానిగనే లెక్కింతురు. నూటికి 1 మొదలు 10 వరకు ఉన్నచో “స్వల్పముగ కలదు” అని ప్రత్యేకముగ వ్రాయుదురు. రొమ్ము కాన్సరులలో సగమునకు మించినవి గ్రాహకములు గలవే.

తరువాతి సంవత్సరములలో ఏ మందు వాడవలెను, ఏది వాడరాదు అను నిర్ణయములకు ఈ నివేదికయే పునాది. కావున దానిని పొలము పట్టావలె భద్రపరచుకొనవలెను. కాగితము పోయినను నిరాశ చెందనక్కరలేదు. గడ్డ ముక్కను మైనపు దిమ్మలో ఉంచి ఆసుపత్రులు కొంతకాలము కాపాడును. దానిపై పరీక్షను మరల చేయించవచ్చును.

రెండవ పరీక్ష: రక్తముపై

రెండవది రక్తమున ఎస్ట్రాడయోల్ అను ముఖ్యమైన ఈస్ట్రోజెన్ ఎంత ఉన్నదో కొలుచునది. ఈ పరీక్ష కాన్సరు మరల వచ్చినదో లేదో చెప్పజాలదు. గడ్డలో గ్రాహకములు ఉన్నవో లేవో కూడ చెప్పజాలదు. కావున అందరును దీనిని మాటిమాటికి చేయించుకొని ధనవ్యయము చేయనక్కరలేదు.

అయినను ఒక సందర్భమున ఇది మిక్కిలి అవసరము. నలుబది, నలుబదియైదు సంవత్సరముల స్త్రీకి కాన్సరు మందుల వలన ముట్లు నిలిచిపోవచ్చును. అంతమాత్రమున అండాశయములు శాశ్వతముగ విశ్రమించినవని తలపరాదు. కొన్ని నెలలకు అవి మరల పనిచేయవచ్చును. అట్టి స్త్రీకి ఆరోమటేజ్‌ను అణచు మాత్రలు మాత్రమే ఇచ్చినచో అండాశయములు మరింత ప్రేరేపింపబడు అవకాశము కలదు. అందువలన వైద్యులు ఎస్ట్రాడయోల్‌తోపాటు ఎఫ్.ఎస్.హెచ్. అను మరియొక హార్మోనును పరీక్షించి చూతురు. అండాశయములను నిద్రపుచ్చు ఇంజెక్షనులు పొందుచున్నవారికి కూడ ఈ పరీక్ష అవసరము కావచ్చును.

ఇక పరీక్ష చేయు విధానమును గూర్చి కొంత తెలియవలెను. సామాన్యముగ ప్రయోగశాలలలో వాడు పద్ధతి, ముట్లగు వయసున ఉండు హెచ్చు పరిమాణములను కొలుచుటకు తగినది. ఆరోమటేజ్ మాత్రలు వాడు స్త్రీలో ఈస్ట్రోజెన్ అత్యల్పము. పెద్ద త్రాసుతో బంగారము తూచినట్లు, ఆ అత్యల్ప పరిమాణమును ఈ పద్ధతి సరిగ తూచలేదు. అట్టిచోట మాస్ స్పెక్ట్రోమెట్రీ అను సునిశితమైన పద్ధతి నమ్మదగినది. ఎక్సిమెస్టేన్, ఫుల్వెస్ట్రాంట్ అను మందులు వాడువారిలో సామాన్య పద్ధతి లేని ఈస్ట్రోజెన్‌ను ఉన్నట్లు చూపవచ్చును. కావున పరీక్షకు పోవునప్పుడు వాడుచున్న మందుల పేర్లు తప్పక తెలుపవలెను.

టామోక్సిఫెన్ సంగతి వేరు. ఆ మందు రక్తములోని ఈస్ట్రోజెన్‌ను తగ్గించదు. గ్రాహకమును తాను ఆక్రమించి, రొమ్ము కణములకు ఈస్ట్రోజెన్ తగులకుండ చేయును. ముట్లగుచున్న స్త్రీలో రక్తపు ఎస్ట్రాడయోల్ పెరుగవచ్చును కూడ. ఆ అంకె చూచి మందు పనిచేయుట లేదని భయపడరాదు.

మాత్రలు ఏల మానరాదు?

గ్రాహకములు గల కాన్సరు వచ్చినవారికి ఐదు సంవత్సరములు, కొందరికి అంతకు మించియు, టామోక్సిఫెన్ గాని, అనాస్ట్రజోల్, లెట్రజోల్, ఎక్సిమెస్టేన్ అను ఆరోమటేజ్ మాత్రలు గాని ఇత్తురు. ఐదు సంవత్సరములు టామోక్సిఫెన్ వాడినందువలన ఆ కాలమున వ్యాధి తిరుగబెట్టుట దాదాపు సగమునకు తగ్గినదనియు, పదునైదేండ్ల కాలములో మరణములు సుమారు మూడవవంతు తగ్గినవనియు వేలకొలది స్త్రీలపై జరిగిన పరిశోధనలు నిరూపించినవి. సెగలకో, మంటకో వెరచి ఈ మాత్రలను రహస్యముగ మానివేయు స్త్రీ ఈ రక్షణను చేజార్చుకొనుచున్నది. బాధను డాక్టరుకు చెప్పినచో మాత్ర మార్చుటకో, బాధకు వేరుగ మందిచ్చుటకో వీలు కలదు.

శరీరమంతటికి చేరు ఈస్ట్రోజెన్

ముట్లుడిగిన బాధలకు ఈస్ట్రోజెన్ మాత్రలు, చర్మముపై అంటించు పట్టీలు గుణమిచ్చునన్నది సత్యమే. కాని రొమ్ము కాన్సరు వచ్చినవారికి అవి క్షేమమా?

ఈ ప్రశ్నకై స్వీడన్ మొదలగు ఉత్తర ఐరోపా దేశములలో “హాబిట్స్” అను పరిశోధన జరిగినది. చీట్లు వేసినట్లు స్త్రీలను రెండు జట్లుగ విభజించి, ఒక జట్టుకు హార్మోను ఇచ్చి, రెండవ జట్టుకు ఇవ్వక చూచిరి. అపాయము హెచ్చుగ కనబడుటచే 2003 డిసెంబరులో దానిని నిలిపివేసిరి. 2008లో ప్రకటించిన లెక్కల ప్రకారము హార్మోను జట్టులోని 221 మందిలో 39 మందికిని, రెండవ జట్టులోని 221 మందిలో 17 మందికిని వ్యాధి తిరుగబెట్టుటయో, క్రొత్త రొమ్ము కాన్సరు వచ్చుటయో జరిగినది. స్టాక్‌హోమ్‌లో అదే కాలమున జరిగిన మరియొక పరిశోధనలో వ్యాధి తిరుగబెట్టుట స్పష్టముగ పెరుగలేదు గాని, రెండవ రొమ్మున కాన్సరు హార్మోను వాడినవారిలోనే ఎక్కువమందికి వచ్చినది. ఈస్ట్రోజెన్ వలె పనిచేయు టిబొలోన్ అను మాత్రను 3,098 మంది స్త్రీలపై పరీక్షించి 2009లో ఫలితము ప్రకటించిరి. మాత్ర వాడినవారిలో నూటికి 15.2 మందికి, వాడనివారిలో నూటికి 10.7 మందికి వ్యాధి తిరుగబెట్టినది.

అందువలన శరీరమంతటికి చేరు ఈస్ట్రోజెన్‌ను రొమ్ము కాన్సరు వచ్చినవారికి సామాన్యముగ ఇవ్వరు. గ్రాహకములు లేని కాన్సరు వచ్చినవారికి కూడ రెండవ రొమ్మున వేరొక కాన్సరు రావచ్చును గనుక వారును స్వేచ్ఛగ వాడరాదు.

“అల్పమోతాదు” అనగా ఎంత?

అల్పమోతాదు అను మాట విని మోసపోరాదు. ఒకే మాట వేరువేరు చోట్ల వేరువేరు అర్థములను ఇచ్చును. ముట్లుడిగిన బాధలకు మ్రింగు ఎస్ట్రాడయోల్ మాత్ర సాధారణముగ 1 లేక 2 మిల్లీగ్రాములు, అనగా 1,000 లేక 2,000 మైక్రోగ్రాములు. యోనిలో ఉంచు చిన్న మాత్రలో ఉండునది 10 మైక్రోగ్రాములే. దీనిని మొదట రెండు వారములు దినమున కొకటి చొప్పున, పిదప వారమునకు రెండు చొప్పున వాడుదురు.

ఇంకొక వింత కలదు. ఆరోమటేజ్ మందులకు లొంగక వ్యాపించిన కాన్సరునకు ఎస్ట్రాడయోల్‌నే చికిత్సగ ఇచ్చు సందర్భములు కలవు. 2009లో ప్రకటించిన ఒక పరిశోధనలో దినమునకు 30 మిల్లీగ్రాములు ఇచ్చినవారికిని, 6 మిల్లీగ్రాములు ఇచ్చినవారికిని సమానముగ మేలు కలిగినది. 6 మిల్లీగ్రాముల వారిలో కీడులు తక్కువ. అచట “అల్పమోతాదు” అనబడిన 6 మిల్లీగ్రాములు, యోని మాత్రకు ఆరువందల రెట్లు! నిపుణుల కనుసన్నలలో, ప్రత్యేక రోగులకు మాత్రమే జరుగు ఈ చికిత్సను చూచి, ఈస్ట్రోజెన్ అందరికి మంచిదని ఎవరును భావింపరాదు.

యోనిలో వాడు ఈస్ట్రోజెన్

యోనిలో వాడు మందు అచటనే పనిచేయును. రక్తములో చేరునది స్వల్పము. స్వల్పమైనను ఆరోమటేజ్ మాత్రలు వాడువారి విషయమున ఆలోచింపవలసియున్నది. అట్టి ఏడుగురు స్త్రీలను పరీక్షించి 2006లో ప్రకటించిన ఒక చిన్న పరిశోధనలో, 25 మైక్రోగ్రాముల యోని మాత్రలు మొదలిడిన రెండు వారములకు రక్తపు ఎస్ట్రాడయోల్ పెరిగినది. నాలుగు వారములకు చాలమందిలో తగ్గినను, ఇద్దరిలో మరల హెచ్చినది. నేడు వాడు 10 మైక్రోగ్రాముల మాత్రలో దానికి సగమైనను లేదు.

డెన్మార్కులో 8,461 మంది స్త్రీల వివరములను పరిశీలించి 2022లో ప్రకటించిన ఫలితము ప్రకారము, యోనిలో ఈస్ట్రోజెన్ వాడినవారికి మొత్తముమీద వ్యాధి తిరుగబెట్టుట పెరుగలేదు. కాని ఆరోమటేజ్ మాత్రలతోపాటు దానిని వాడినవారిలో తిరుగబెట్టుట కొంత హెచ్చుగ కనబడినది. మరణములు మాత్రము పెరుగలేదు. స్కాట్లండు, వేల్సులలో 49,237 మంది రోగుల వివరములను పరిశీలించి 2023 చివర ప్రకటించిన ఫలితము కూడ, యోని ఈస్ట్రోజెన్ వలన రొమ్ము కాన్సరు మరణములు పెరిగినట్లు ఆధారము లేదని తెలిపినది. ఇవి జరిగిన సంగతులను లెక్కించి చూచిన పరిశీలనలు. చీట్లు వేసి జట్లుగ విభజించి చేసినవి కావు. అయినను ధైర్యమిచ్చునవే.

కావున నిపుణుల సలహా ఇట్లున్నది. మొదట హార్మోను లేని మందులు వాడి చూడవలెను. వానితో గుణము కనబడనిచో, కాన్సరు వైద్యుడును, స్త్రీల వ్యాధుల వైద్యురాలును కలిసి ఆలోచించి, అతిస్వల్ప మోతాదులో యోని ఈస్ట్రోజెన్ ఇవ్వవచ్చును. టామోక్సిఫెన్ గ్రాహకమును ఆక్రమించియుండును గనుక అది వాడువారి విషయమున భయము తక్కువ. ఆరోమటేజ్ మాత్రలు వాడువారు మరింత జాగ్రత్త వహింపవలెను. కొందరికి ఆ మాత్రను టామోక్సిఫెన్‌కు మార్చుట మేలు కావచ్చును.

హార్మోను లేని ఉపాయములు

యోని పొడిబారినచో వారమునకు రెండు మూడుసార్లు తేమనిచ్చు లేపనములు వాడవచ్చును. దాంపత్య సమయమున నీటితో చేసిన జారుడు లేపనములు మంటను తగ్గించును. నూనెలు నిరోధ్ తొడుగులను పాడుచేయును. టామోక్సిఫెన్ వాడుచుండగా గర్భము రాకుండ చూచుకొనవలెను గనుక ఈ సంగతి మరువరాదు. గర్భనిరోధక మాత్రలలో హార్మోనులు ఉండును గావున అవి పనికిరావు.

సెగలకు పలుచని నూలుబట్టలు, గాలి వీచు పడక, వేడి కాఫీని, కారమును తగ్గించుట కొందరికి ఉపకరించును. బాధ హెచ్చుగ ఉన్నచో వెన్లాఫాక్సిన్, గాబాపెంటిన్ వంటి మందులను డాక్టరులు ఇత్తురు. పారోక్సిటిన్, ఫ్లూఆక్సిటిన్ అను మందులు టామోక్సిఫెన్ శరీరమున పనిచేయు రూపము పొందుటకు అడ్డుపడును. కావున ఆ రెంటిని కలిపి వాడరాదు. పేరులేని బలమందులలో, వేరుమందులలో హార్మోను గుణముగల పదార్థములు ఉండవచ్చును. డాక్టరుకు చూపక వాడరాదు.

జ్ఞాపకముంచుకొనవలసిన విషయములు

1. గడ్డ ముక్క పరీక్ష నివేదికను భద్రపరచి, ప్రతి డాక్టరుకు చూపవలెను.
2. రక్తపు హార్మోను పరీక్షను డాక్టరు చెప్పినప్పుడే చేయించవలెను. అంకెను చూచి స్వయముగ మందు మార్చరాదు.
3. కాన్సరు మాత్రలను ఎన్నడును చెప్పక మానరాదు.
4. ఈస్ట్రోజెన్ గల మాత్రగాని, పట్టీగాని, లేపనముగాని కాన్సరు వైద్యుని అనుమతి లేక వాడరాదు.
5. ముట్లుడిగిన పిదప రక్తస్రావము కనబడినచో, ముఖ్యముగ టామోక్సిఫెన్ వాడువారు, వెంటనే పరీక్ష చేయించుకొనవలెను.
6. క్రొత్త గడ్డ, ఎముకల నొప్పి, తగ్గని దగ్గు కలిగినచో తదుపరి తారీఖు వరకు ఆగరాదు.

యోనిలో మంట, దాంపత్యమున నొప్పి సిగ్గుపడవలసిన విషయములు కావు. అవి చికిత్స వలన కలుగు బాధలు. వానికి చికిత్సయు కలదు. డాక్టరు అడుగనిచో స్త్రీయే అడుగవలెను. నోరు తెరచి చెప్పలేనివారు ఒక కాగితముపై వ్రాసి ఇచ్చినను చాలును. ఇంటివారు, ముఖ్యముగ భర్తలు, ఈ బాధ నిజమైనదని గ్రహించి, ఆమెతోపాటు ఆసుపత్రికి వెళ్ళి ఆమెకు ధైర్యము చెప్పవలెను. చికిత్స కాపాడిన ప్రాణము సుఖముగ సాగుటయు ఆరోగ్యములో భాగమే.