విద్యుత్ కారుకు రోజుకెంత ఛార్జి?

షోలాపూరులో విద్యుత్ కార్లు కొన్న మనవారు కొందరు ప్రతిరాత్రి నూటికి నూరు నింపుచున్నారు. ఇది అనవసరమని మా అభిప్రాయము. కారు వెలలో పెద్ద భాగము బ్యాటరీదే. లిథియం బ్యాటరీ నిండుగా, అందులోను మే నెల ఎండలో, నిలిచియుండిన త్వరగా పాతబడును.

30 యూనిట్ల బ్యాటరీ యూనిట్‌కు 6 కిలోమీటర్లు నడపుననుకొందము. నూలు అంగడికి, రంగుల కార్ఖానాకు తిరిగి వచ్చుటకు 36 కిలోమీటర్లయినచో ఖర్చు 6 యూనిట్లు, అనగా నూటికి 20 పాళ్లు. 80 వరకు నింపిన 60 మిగులును. ఇంటి ప్లగ్గున రెండు మూడు గంటలలో అది మరల పూడును.

నికెల్ రకమునకు ఈ 80 చాలు. ఇనుప ఫాస్ఫేటు రకమునకు మాత్రము వారమునకొకసారి నూరు నింపుమని తయారీదార్లు కొందరు చెప్పుదురు. లేనిచో మీటరు లెక్క తప్పును. మీ కారు ఏ రకమో దానితో ఇచ్చిన పుస్తకములో చూడుడు.

పూణెకు సరుకుతో పోవునపుడు ముందురాత్రి నూరు నింపుడు. అయినను 250 కిలోమీటర్ల దారి. మధ్యలో ఒకచోట ఆగక తప్పదు.